తల్లి అడిగిన పుస్తకం

మా మనుమడు జరం వచ్చి మంచంల పడ్డడు. వానలు పడ్డయంటె కరీంనగర్ల ఇంటికొకలు గిట్లనే పండుడు ఇప్పుడు మామూలైపోయింది. డెంగ్యూ అంటరు, వైరల్ అంటరు, రక్తం తీస్కపోతరు, మాపటికి ఫోన్ల రిపోర్టు పంపిస్తరు. మా కోడలు పోరనికి కివీ పండు కోసిపెడ్తది. గులాబి రంగుల పొలుసులు పొలుసులున్న పండు ఇంకోటి ఉంటది, దాని పేరు నా నోరు తిరగదు, గది సుత పెడ్తది. వాడు ఒక ముక్క నోట్లె పెట్టుకొని మొఖం ముడుస్తడు. నేను నూకల జావ కాసి, జర ఉప్పేసి, సల్లారవెట్టి ఇస్తె మాత్రం గటగట తాగుతడు. తాగి మళ్ల ఫోన్ పట్టుకుంటడు.

మొన్న నేను జావ గిన్నె పట్టుకొని అర్రలకు పోయేసరికి కోడలు వాని చేతులకెల్లి ఫోన్ గుంజుకుంటుంది. "జరంల గంతసేపు సూస్తార్రా? కండ్లు పోతయ్!" అన్నది. ఉత్తగనే అన్నది పాపం, అందరు తల్లులు అన్నట్టే. నేను మాత్రం గిన్నె ఠపీమని కింద వెట్టి కోడలి మీదికి లేసిన. "ఇంకేమన్న తిట్టుకో. గా మాట మాత్రం నా ముంగట అనకు" అన్న. ఆమె బిత్తరవోయి సూసింది. ముసలామెకు ఏమైందో అనుకొని ఉంటది. నేను బాల్కనీలకు వచ్చి కుర్చీల కూసున్న. బయట ముసురు పడుతుంది. గీ కోడలికి చెప్పని ముచ్చట ఒకటున్నది. చెప్పుదామన్నా ఎక్కడ మొదలు వెట్టాల్నో తెల్వది. గది మా అక్క ముచ్చట.

మాది హుస్నాబాద్ అవతల చిన్న ఊరు. మా వాడల అందరం నేతోళ్లమే. చేతి మగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చినయ్, వాటిని మేం సాంచెలంటం. పొద్దంత టకటక టకటక. గా సప్పుట్ల మాట్లాడీ మాట్లాడీ మా గొంతులన్ని పెద్దగైపోయినయ్. సుట్టాలింటికి పోతె, "మెల్లగ మాట్లాడుండ్రి, మేం చెవిటోళ్లం గాదు" అనేటోళ్లు. బాపు ఒక ఆసామి దగ్గర సాంచెలు నడిపేటోడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద సుత నూలు దుమ్మే. మా అమ్మను మేం అవ్వ అంటం, ఆమె బీడీలు చేసేది. ఒళ్లె చాట, చాటల కత్తిరిచ్చిన తునికాకు, తంబాకు. మా ఇంటి వాసనంటె తంబాకు వాసనే, మా బట్టలకు, బువ్వకు, బడి సంచికి అదే వాసన. ఇంటికి పెద్ద మా నాయినమ్మ. బాపును కన్నతల్లి. ఆమె ఒకటంటె ఇంట్ల ఇంకొకలు మాట్లాడేది లేకుండె.

పొద్దున మక్క గట్క, పచ్చిపులుసు. మాపటికి బువ్వ, తొక్కు. ఇవి తప్ప ఇంకోటి ఎర్కలేదు మాకు. జరమొచ్చినోళ్లకు మాత్రం రాజభోగం. సైకిల్ మీద రేకు డబ్బా పెట్టుకొని ఒక సాయబు డబల్ రొట్టె అమ్మకానికి వచ్చేటోడు. గా మెత్తటి రొట్టెను పాలల్ల ముంచుకొని తినాలంటె జరం రావాలె, మంచిగున్నోళ్లకు గది దొరకదు. అందుకే నేను సాయబు గంట ఇనవడంగనే ఎండల నిలవడి నొసలు కాగవెట్టుకొని, "అవ్వా, జరమొచ్చినట్టున్నదే" అని మెల్లగ పోయేదాన్ని. నాయినమ్మ నా నాలుక సూసి, నడుము మీద ఒక్కటిచ్చి, "పో, గట్క తిను. నీ జరం గట్కతోటే పోతది" అనేది.

అక్కకు గట్లాంటి యావ లేదు. నాకంటె మూడేండ్లు పెద్దది. దానికి యావంత కాయితం మీదనే. గప్పుడు కిరాణం దుకాణంల ఏది కొన్నా పాత కాయితాలల్ల పొట్లం కట్టిచ్చేటోళ్లు. పొట్లం ఇప్పుతది, బెల్లం గంజుల పారేస్తది, కాయితాన్ని వాకిట్లకు కొంటవోయి చీమలను ఊదుకుంట చదువుతది. ఒకపారి చింతపండు కట్టిన కాయితంల ఏదో కథ సగం వచ్చింది. అడవిల తప్పిపోయిన ఒక పిల్ల కథ. అంతే, నాకు తిప్పలు మొదలైనయ్. "పోవే, ఇంక జరంత చింతపండు తే. మిగిలిన కథ వస్తదేమో." పోతె ఉప్పు ధరల కాయితం వచ్చేది, పంచాంగం కాయితం వచ్చేది, గా పిల్ల మాత్రం రాలే. దుకాణపాయనకు సుత ఇసుగొచ్చింది. "మీ ఇంట్ల చింతపండు తింటున్నరా, కాయితం తింటున్నరానే?" అన్నడు.

మా మేనమామది నిర్మల్. మా వాడల తువ్వాలలు, లుంగీలు కొనుక్కపోయి జైనూరు దిక్కు అడవి ఊర్లల్ల అంగడంగడి తిరిగి అమ్మేటోడు. సరుకు కోసం వచ్చినప్పుడల్లా మా ఇంట్లనే దిగుతుండె. గా దిక్కు తిరిగీ తిరిగీ మాటల్ల మరాఠీ అంటుకున్నది. "కాయ్ బాయీ, ఎట్లున్నవ్?" అని అక్కను పలకరిచ్చేటోడు. వట్టి చేతులతోటి ఎన్నడు రాలే. తునికి పండ్లో, ఇప్పపువ్వు నువ్వులు దంచిన ముద్దలో, ఏదో ఒకటి తువ్వాలల మూటగట్టుకొని తెచ్చేటోడు. ఒకపారి అక్క, "మామా, నాకు పండ్లద్దు. ఒక పుస్తకం తే. చినగనిది. మొదలు, ఆఖరు రెండూ ఉండాలె" అన్నది. మామ పెద్దగ నవ్విండు. "తెస్త బాయీ, తప్పకుంట తెస్త" అన్నడు.

ఎండకాలం మొదట్ల మా వాడల పోరగాండ్లకు ఒకలెనక ఒకలకు జరాలు అందుకున్నయ్. అక్కకు వచ్చింది. దగ్గు, ముక్కు కారుడు, కండ్లు ఎర్రగ చింతనిప్పులైనయ్. ఉత్త జరమే అనుకొని అవ్వ డబల్ రొట్టె సుత తెప్పిచ్చింది. మర్నాడు చెవుల ఎనక నుంచి మొఖం మీదికి ఎర్రగ పొక్కినయ్. నాయినమ్మ వచ్చి అక్క అంగీ పైకి లేపి సూసింది. సూసి గబుక్కున రెండు చేతులు జోడిచ్చింది. "తల్లి పోసింది" అన్నది.

డాక్టర్లు దాన్ని తట్టు అంటరు. మాకు మాత్రం గది జరం గాదు, పోచమ్మ తల్లి ఇంటికి వచ్చుడు. వచ్చిన తల్లి ఎన్ని దినాలుంటదో ఉంటది, తర్వాత మర్యాదగ సాగనంపాలె. అక్కడికెల్లి మా ఇల్లు ఇల్లు గాదు, గుడి అయింది. దర్వాజకు యాపమండలు కట్టిండ్రు. తంబాకు వాసన తల్లికి పడదని అవ్వ బీడీల చాట తీస్కపోయి వేరే ఇంట్ల పెట్టచ్చింది. కూరకు పోపు లేదు, నూనె లేదు, నెత్తి దువ్వుకునుడు లేదు. బాపు చెప్పులు గల్లి మొదట్లనే ఇడిసి వచ్చేటోడు. అక్కను పండవెట్టిన అర్రకు కిటికీ మీద గోనెసంచి కట్టిండ్రు, వెలుగు పడద్దని. సప్పిడి పప్పు, పెరుగన్నం, కొత్త కుండల నీళ్లు. దవఖాన మాట ఎత్తద్దు.

"దాన్ని పేరువెట్టి పిలువకుండ్రి" అన్నది నాయినమ్మ. "ఇప్పుడు గది మీ అక్క గాదు, తల్లి. తల్లీ ఏం గావాలె అని అడుగాలె. తల్లి ఏది అడిగినా లేదనద్దు. లేదంటె అలుగుతది."

నాకైతె ఇగ ఆగలే. తల్లి నాకెందుకు పోయలే అని ఏడుపొచ్చింది. మొదటి దినం అక్కకు సుత జర సంబురమే ఉండె. నేను యాపమండ పట్టుకొని ఇసురుతుంటె, నన్ను దగ్గరికి రమ్మని చెవుల చెప్పింది. "ఒసే, నేనిప్పుడు తల్లినట గదా. నాకు పుల్ల ఐసు గావాలె. పోయి చెప్పు." నేను ఉరికి పోయి, "తల్లి పుల్ల ఐసు అడుగుతుంది!" అని ఒర్లిన. నాయినమ్మ ఒక్క నిమిషం సోంచాయించి, "సల్లటిది అడుగుతుందంటె తల్లికి ఒంట్ల సెగ ఎక్కువున్నట్టే" అన్నది. బాపు ఎండల ఉరికి ఐసు బండాయనను పట్టుకొచ్చిండు. తల్లి రెండు చీకులు చీకి నాకిచ్చింది. తర్వాత, "సప్పుడు పడుతలేదు" అన్నది. నాయినమ్మ పక్కింటికి పోయింది. పక్కింటాయన చేతులు జోడిచ్చి రెండు సాంచెలు బందు వెట్టిండు. గోడవతల నుంచి సప్పుడు ఆగేసరికి మాకేదో లోటైనట్టు, చెవులు మూసుకపోయినట్టు అయింది. అక్క బొంత కింద మొఖం పెట్టుకొని కిలకిల నవ్వింది. "బాపును సుత ఇంట్లనే ఉండుమందామానే?" అని అడిగింది.

గా నవ్వు గా ఒక్క దినమే. తర్వాత జరం మీదికి ఎక్కింది. నోట్లె పుండ్లయి పెరుగన్నం సుత మింగలే. కండ్లు వాసినయ్, పుసులు కట్టి అతుక్కపోయినయ్. పసుపు నీళ్లల్ల ముంచిన గుడ్డ కండ్ల మీద ఏసి ఉంచిండ్రు. బాపు రాంగ పోంగ దర్వాజ కాడ ఆగి సూసేటోడు. ఒకపారి ఇగ ఓపలేక, "అమ్మా, ఒక్కపారి డాక్టర్‌కు సూపిద్దామా?" అన్నడు.

నాయినమ్మ లేసి నిలవడ్డది. "తల్లికి సూది గుచ్చిపిస్తవారా? గుచ్చిపియ్యి. రేపు పిల్లకేమన్నయితె నన్నడుగకు" అన్నది. "తల్లి కండ్లల్ల కూసున్నది. ఎల్లెటప్పుడు ఎల్తది. జర ఓపిక వట్టు."

బాపు మళ్ల సాంచెల పనికి పోయిండు. ఆమె కఠినురాలు గాదు, ఆ మాట నేను నమ్మను. రాత్రి పగలు మంచం పక్కనే కూసొని యాపమండ ఇసిరింది గామెనే. ఆమె కన్న పిల్లలల్ల ఇద్దరిని సూదులిచ్చినంకనే తల్లి తీస్కపోయిందని ఆమె నమ్మకం. మనుమరాలిని కాపాడుకుంటున్న అనే అనుకున్నది.

గప్పుడే మామ వచ్చిండు. తల్లి ఉన్న ఇంట్లకు బయటూరోళ్లు రావద్దని గల్మ గడప అవతలనే నిలవడి, మూట అవ్వ చేతుల పెట్టి పోయిండు. మూటల పుస్తకం ఉన్నది. అట్ట మీద నెమలి బొమ్మ. చినగనిది. అవ్వ దాన్ని అటుక మీద పెట్టింది, మంచిగైనంక ఇద్దామని. మామ గొంతు ఇనే ఉంటది, కొంతసేపైనంక అర్రలకెల్లి అక్క మెల్లగ పిలిచింది. "మామ పుస్తకం తెచ్చిండా? నాకు గావాలె."

"వద్దు" అన్నది నాయినమ్మ. "తల్లి ఉన్నప్పుడు అచ్చరాల మీద కండ్లు పెట్టద్దు. కండ్లు పోతయ్."

అక్క మళ్ల అన్నది. "పుస్తకం గావాలె."

మా అవ్వ అత్త ముంగట కొంగు సుత సక్కగ దులపనిది. గా దినం మాత్రం ఆమెకు ఎక్కడి ధైర్యం వచ్చిందో. "తల్లి ఏది అడిగినా లేదనద్దు అన్నది నువ్వే గదా అత్తా. ఇప్పుడు తల్లే అడుగుతుంది" అన్నది. నాయినమ్మ పండ్లు కొరికి బయటికి పోయింది. అవ్వ అటుక మీదికెల్లి పుస్తకం దించింది. కందీలు ముట్టిచ్చి మంచం కాడ పెట్టింది. వేడి నీళ్లతోటి కండ్లు తుడిచి రెప్పలు ఇడదీసింది. దిండుకు ఆనిచ్చి కూసోవెట్టి, పుస్తకం చేతులల్ల పెట్టింది.

అక్క పుస్తకాన్ని ముక్కు కాడ పెట్టుకొని వాసన సూసింది. తర్వాత తెరిచింది. మొఖం దగ్గరికి పట్టుకున్నది. ఒక పేజీ తిప్పింది. కొంతసేపైనంక ఇంకో పేజీ. నడుమల ఒకపారి నవ్వింది. అవ్వ దర్వాజకు ఆనుకొని నిలవడ్డది. పొక్కులొచ్చినప్పటి నుంచి ఆమె మొఖంల నవ్వు సూసుడు నాకు గదే మొదలు. నేను లోపలికి తొంగి సూసి, "కథ ఎట్లున్నదే?" అని అడిగిన.

"మంచిగున్నదే. అయిపోయినంక చెప్త" అన్నది అక్క.

అవ్వ సంబురం ఇంత గాదు. నాయినమ్మ దగ్గరికి పోయి, "పుస్తకం చదువుతుంది అత్తా, నవ్వుతుంది. తల్లి సల్లవడ్డది" అన్నది. నాయినమ్మ సుత ఆకాశం దిక్కు సూసి దండం పెట్టింది. బాపు ఇగ డాక్టర్ ముచ్చట తియ్యలే. చదువుకుంటున్న పిల్లను దవఖానకు ఎవలు తీస్కపోతరు?

అక్క మర్నాడు సుత పుస్తకం అడిగింది, మళ్ల మర్నాడు సుత. ఆఖరికి పొక్కులు మాడినయ్. నాయినమ్మ మంచి దినం సూసింది. యాపాకు, పసుపు వేసిన నీళ్లతోటి తానం పోసి, పోచమ్మ గుడి కాడికి సల్ల కుండ, బెల్లం బువ్వ తీస్కపోయి తల్లిని సాగనంపిండ్రు. ఇంటికొచ్చి కిటికీ మీది గోనెసంచి ఇప్పిండ్రు. అర్రంత ఎండ పడ్డది. అవ్వ అక్క గదుమ పట్టుకొని మొఖం పైకెత్తింది. రెండు కండ్లల్ల తెల్లగ పువ్వు వేసి ఉన్నది. అక్క ఎండకే సూస్తుంది, రెప్ప కొడుతలేదు. అవ్వ పెట్టిన కేక ఇని పక్కింటాయన సాంచె బందు వెట్టి ఉరికచ్చిండు.

కరీంనగర్ల ఒక డాక్టర్‌కు సూపిచ్చిండ్రు. ఆయన టార్చిలైటు వేసి సూసి, గిన్ని దినాలు ఏం చేసిండ్రని బాపును కోపం చేసిండు. ఇగ లాభం లేదన్నడు. అవ్వ ఒక్కటే మాట అడిగింది. "పుస్తకం చదువుకున్నది సారూ. అందుకే పోయినయా?" ఆయన ఏదో రాసుకుంట, మొఖం సుత ఎత్తకుండ, "గంత జరంల చదివిస్తరా అమ్మా ఎవలన్న?" అన్నడు. అంతే అన్నడు. ఆయన గా మాట మరిచిపోయి ఉంటడు బయటికి రాకముందే. మా అవ్వ మాత్రం గా మాట పట్టుకొని బతుకంత బతికింది.

ఇంటికొచ్చినంక పొయ్యి ముట్టిచ్చింది. నెమలి బొమ్మ అట్ట ముడుచుకపోయి కాలుతుంటె నేను సూసిన. అక్క గల్మల కూసొని ఉన్నది. "అవ్వా, కాయితం కాలుతున్నట్టున్నది, ఏందది?" అన్నది. "ఏం లేదు బిడ్డా, చిత్తు కాయితాలు" అన్నది అవ్వ. అక్క ఇగ అడుగలే.

కొన్నొద్దులకు మామ వచ్చిండు. ఆయనకు సక్కగ చెప్పినోళ్లు లేరు, పిల్లకు మంచిగలేదంట అని మాత్రమే ఇన్నడు. నిర్మల్ల చేసిన కట్టె పండ్లు తెచ్చిండు. జామపండు, మామిడిపండు, సీతాఫలం, అచ్చం చెట్టుకెల్లి తెంపినట్టు రంగులేసినయ్. "కాయ్ బాయీ, పట్టు" అని ఒకటి చేతుల పెట్టిండు. అక్క తడిమింది, ముక్కు కాడ పెట్టుకున్నది. "పండు వాసన వస్తలేదు మామా. రంగు వాసన వస్తుంది. ఏం రంగు?" అన్నది. మామ, ఎర్రగున్నది బిడ్డా అని చెప్పబోయి చెప్పలేక, వాకిట్లకు పోయి గోడకు తల ఆనిచ్చి ఏడ్సిండు. పుస్తకం తెచ్చింది తనే గదా అని ఆయనకు సుత ఉండె. గటెన్క శానేండ్లు మా ఊరికి రాలే, సరుకు వేరే ఊర్లె కొనుక్కున్నడు.

ఇగ అవ్వ ఎట్లయిందంటె, అచ్చు కొట్టిన కాయితం కనవడ్డా మొఖం తిప్పుకునేది. కిరాణం దుకాణానికి గిన్నెలు, గుడ్డసంచులు ఇచ్చి పంపేది, పొట్లం ఇంట్లకు రావద్దని. నేను బడి పుస్తకం తీస్తె చాలు, "సాలు తియ్యి, కండ్లు పోతయ్. సాలు తియ్యి, కండ్లు పోతయ్." ఆఖరికి నన్ను బడి బందు చెయ్యుమన్నది. గప్పుడు బాపు ఎన్నడు లేనిది కొట్లాడిండు. ఆయన పక్కన నిలవడి కొట్లాడింది ఎవలంటె మా అక్క. "నా కండ్లు పోయినయ్, దాని కండ్లన్న పని చెయ్యనియ్యే అవ్వా" అన్నది. అవ్వ గా దినం బువ్వ తినలే. నా బడి మాత్రం ఆగలే.

పక్కింటి సాంచెల గోడకు ఆనుకొని మేమిద్దరం కూసునేది. నేను అక్క చెవుల నోరు పెట్టి చదివేది. గా టకటకల అవ్వకు ఇనవడదు. నా పాఠాలన్ని అక్కకు గట్లనే వచ్చినయ్. నేను తప్పు చదివితె మోచేతితోటి పొడిచేది. తర్వాత నేను పంతులమ్మనైన, పెండ్లయింది, కరీంనగర్ వచ్చిన. అక్క అవ్వ కాడనే ఉన్నది, తడుముకుంటనే బీడీలు చేసింది. నేను పోయినప్పుడల్లా గ్రంథాలయంల దొరికిన పుస్తకం ఒకటి తీస్కపోయేదాన్ని. ఇగ నేను పెద్దదాన్నైన గదా, దాసిపెట్టి చదివే పని లేదు. నేను పుస్తకం తెరువంగనే అవ్వ చాట పక్కకు పెట్టి లేసి పెరట్లకు పోయేది. మేం చదివినంతసేపు అక్కడనే నిలవడేది, ఎండైనా, సలైనా. ఒక్క కథ సుత ఆమె మాతోటి కూసొని ఇనలే. "రా అవ్వా" అంటె, "ఇచ్చిన చెయ్యి నాదే బిడ్డా" అని చెయ్యి సూసుకునేది. 

బాపు పోయిండు, నాయినమ్మ అంతకు ముందే పోయింది. అవ్వ ఒక చలికాలం పోయింది. పోయేముందు అక్క రెండు కండ్ల మీద చేతులు పెట్టి, మాఫ్ చెయ్యి బిడ్డా అన్నది. అక్క ఆమె చేతులను అట్లనే పట్టుకొని ఉన్నది.

దినాలు అయిపోయి సుట్టాలు పోయినంక అక్క, నేను పెరట్ల ఎండకు కూసొని అనపకాయలు ఒలుస్తున్నం. ఏదో ఒకటి మాట్లాడాలని, "గా నెమలి బొమ్మ పుస్తకం యాదికున్నదా? కథ చెప్తా అని ఇయ్యాల్టిదాక చెప్పలేవు. ఏముండె దాంట్ల?" అని అడిగిన.

అక్క ఇంకో కాయ చేతులకు తీసుకున్నది. "నాకెట్ల ఎర్కనే? నేను చదువలే గదా" అన్నది.

నాకు సమజ్ గాలే.

"పుస్తకం నా చేతులకు వచ్చేసరికే నాకు కనవడుతలేదే. గుడ్డ తీసినప్పుడల్లా మొత్తం తెల్లగ, పొగ లెక్క. అచ్చరాలన్న కనవడ్తయేమో సూద్దామని అడిగిన. కాయితం వాసన వచ్చింది గాని అచ్చరాలు రాలే. చెప్పుదామనే అనుకున్న. దర్వాజ కాడ అవ్వ గాజులు సప్పుడైనయ్. మెల్లగ నవ్వింది, ఇనవడ్డది. అత్తతోటి కొట్లాడి తెచ్చిచ్చింది గదనే అవ్వ. ఎట్ల చెప్పుదు? పేజీ తిప్పిన."

"గప్పుడే చెప్తె దవఖానకు తీస్కపోతుండిరి గదనే!"

"ఏమో. గంత తెల్వి ఎక్కడిది నాకు? నాయినమ్మ అవ్వను తిడ్తదని బుగులు. అవ్వ ఏడుస్తదని బుగులు. తెల్లారితె కనవడ్తయ్ అనుకున్న. తెల్లారింది, కనవడలే. మళ్ల పుస్తకం అడిగిన."

నాకు ఒళ్లు మండింది. ఒలిసిన గింజలన్ని ఒళ్లెకెల్లి జారిపోయినయ్. "పిచ్చి మొఖమా, అవ్వ బతుకంత గా పుస్తకం మీద ఏడ్సింది గదనే! చేతులు సూసుకొని సూసుకొని సచ్చింది గదనే! పెద్దగైనంకనన్న ఒక్క మాట చెప్తె నీ సొమ్మేం పోతుండె?" అని కలెవడ్డ. అక్క నన్ను ఒర్లనిచ్చింది.

"చెప్తె ఏమైతుండెనో నువ్వే సోంచాయించు" అన్నది ఆఖరికి. "పుస్తకం ముట్టకముందే కండ్లు పోయినయంటె అవ్వ దేన్ని తిట్టుకోవాలె? నేను కానక పేజీలు తిప్పుతుంటె, తను దర్వాజ కాడ నిలవడి నవ్విన గా నవ్వును తిట్టుకుంటది. పుస్తకమంటె పొయ్యిల పెట్టింది, కోపం కొంతన్న చల్లారింది. నవ్వును ఏ పొయ్యిల పెడ్తది?"

నేను రెండు దినాలు అక్కతోటి మాట్లాడలే. తర్వాత మాట్లాడిన, మాట్లాడకేం చేస్త? ఇప్పుడు మాట్లాడుదామన్నా అక్క లేదు, కిందటి వానలల్ల గిసొంటి జరమే వచ్చి పోయింది. అప్పటికెల్లి నాకు గా చీకటి అర్రనే మతికొస్తది. కందీలు వెలుగుల మొఖం దగ్గరికి పట్టుకున్న పుస్తకం, దర్వాజకు ఆనుకున్న అవ్వ, ఇద్దరి నడుమల నేను. కథ ఎట్లున్నదే అని అడిగింది నేనే. మంచిగున్నదే అన్నది. గా మాట అన్ననాడు మా అక్కకు ఇంక పన్నెండేండ్లు సుత నిండలే.